నలభై మూడు కుళాయిలు, ఒక ముక్కు

ఫిబ్రవరి 4

మరిదీ,

దొంగవి నువ్వే. అటూ ఇటూ చూడకు, ఈ ఉత్తరం చదువుతున్నది నువ్వొక్కడివే. మా ఊళ్లో నలభై మూడు వీధి కుళాయిల్ని కనిపెట్టుకుని ఉన్న ఒకే ఒక్క మనిషి ఉద్యోగం మీద చెయ్యి వేశావు. అదీ చాటుమాటుగా కాదు, నంబరు వేసి, నాలుగు కాపీలు తీసి, పోస్టులో పంపి మరీ.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే "మీటింగ్‌లో ఉన్నా వదినా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు.

నిన్న మీ ఖర్చుల తగ్గింపు కమిటీ నుంచి మా నీటి పరీక్షల ల్యాబుకు సర్క్యులర్ వచ్చింది. దేశం రాబడీ ఖర్చూ సమానం కావాలట. అందుకని ప్రతి ఆఫీసూ మూడో వంతు ఖర్చు తగ్గించుకోవాలట. అభ్యంతరాలున్నా, సూచనలున్నా నెలాఖరులోగా రాయాలట. కింద మెంబర్ సెక్రటరీ ఎవరయ్యా అంటే, పెళ్లయిన కొత్తలో వంటగదిలో కూర్చోబెట్టి నేను భిన్నాలు నేర్పిన మహానుభావుడు. మూడో వంతు అంటే ఏమిటో నీకు చెప్పిన పాపం నాదేనన్నమాట.

మా ల్యాబు ఆ వంటగది కన్నా రెండడుగులు పెద్దది. ఒక ఇంక్యుబేటర్, సీసాలు ఉడికించే ఒక డబ్బా, మూడు స్టాండ్ల గాజు గొట్టాలు, నేను, సైకిల్ పెద్దాయన. ఆయన పొద్దున ఆరింటికి పదకొండు సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని బయల్దేరతాడు. నాలుగు రోజుల్లో ఊళ్లో కుళాయిలన్నీ ఒక చుట్టు వస్తాడు. ఐదో రోజు మళ్లీ మొదటి కుళాయి. ముప్పయ్యేళ్లుగా ఇదే పని. ఇంకో రెండేళ్లుంటే పెన్షన్. ఇందులో మూడో వంతు ఎక్కడ కోస్తావు? పెద్దాయన తలా, కాళ్లా, సైకిలా?

పన్నెండేళ్లుగా మా ఊళ్లో నీళ్ల వల్ల ఒక్కరూ ఆస్పత్రి మెట్లెక్కలేదు. మీ సర్క్యులర్ దాన్నే "ఫలితం కనిపించని ఖర్చు" అంటోంది. రాకుండా పోయిన జబ్బుని ఏ కాలమ్‌లో వేస్తారయ్యా మీరు? పెద్ద పెద్ద కంపెనీలకు వదిలేసిన పన్నుకి మాత్రం కాలమ్ ఉంది. దానికి "ప్రోత్సాహకం" అని ముద్దు పేరు. వీధి కుళాయి దగ్గరికి వచ్చేసరికి అదే డబ్బు "భారం" అయిపోతుంది. బడ్జెట్ తక్కెడలో ఎప్పుడూ ఒకే పళ్లెంలోంచి తీస్తారేం? రెండో పళ్లెం దాకా మీ చెయ్యి అందదా?

సరే, పొదుపు చిట్కాలు కావాలన్నారుగా, రాసుకో. ఇంక్యుబేటర్ ఆపేయండి, కరెంటు మిగులుతుంది. సీసాలు కడగడం మానేయండి, సబ్బు మిగులుతుంది. అసలు పరీక్షే ఎందుకు? అనుభవమున్న ఉద్యోగి వారానికోసారి కుళాయి దగ్గర నిలబడి, నీళ్ల రంగు చూసి, వాసన పీలిస్తే చాలదూ? ముక్కుకు కరెంటు అక్కర్లేదు, మరమ్మతు అక్కర్లేదు, పెన్షన్ అసలే అక్కర్లేదు.

మీ అన్నయ్య గడియారాల కొట్లోంచి ఇప్పుడే వచ్చి, "వాణ్ని మరీ అంతలా తిట్టకు, పాపం ఉద్యోగం" అంటున్నారు. పెద్దాయనది మాత్రం ఉద్యోగం కాదా అన్నాను. చొక్కా మార్చుకునే నెపంతో లోపలికి వెళ్లిపోయారు.

కోపంతోనే,
వదిన


ఫిబ్రవరి 12

వదినకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నువ్వు లేవనెత్తిన విషయాలకు వరుసగా జవాబు రాస్తున్నాను.

దొంగ అన్నావు. ఆ సర్క్యులర్ నేనొక్కణ్నే నిర్ణయించింది కాదు. కమిటీలో ఏడుగురం ఉన్నాం.

పెద్దాయన తలా కాళ్లా అని అడిగావు. సిబ్బందిని భాగాలుగా తగ్గించే ఆలోచన కమిటీకి లేదు.

ఇక అసలు సంగతి. దేశానికి వచ్చే ఆదాయంలో నాలుగో వంతు పాత అప్పుల వడ్డీకే పోతోంది వదినా. ఆ వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేస్తున్నాం. ఇంకో పదేళ్లు ఇలాగే నడిస్తే మీ ల్యాబు మూసేది మా కమిటీ కాదు, అప్పిచ్చినవాళ్లు. వాళ్లకు నీలాంటి వదినలు ఉత్తరాలు రాసినా చదవరు. నాకు మాత్రం ఈ పని సరదానా? పొద్దున లేచింది మొదలు దేన్ని కొట్టేయాలా అని చూస్తుంటాను. మొన్న ఇంట్లో కూరల చీటీ మీద కూడా సగం కొట్టేశానని నీ తోటికోడలు గోల పెట్టింది.

పన్నుల మాట నిజమే. కానీ ఆ కాలమ్ మా కమిటీ పరిధిలోకి రాదు.

ఒక్కటి మాత్రం సంతోషంగా రాస్తున్నాను. నీ ఉత్తరం చివర ఇచ్చిన సూచనలు చాలా బాగున్నాయి. మూడు వందల ఆఫీసులు జవాబులు పంపాయి. అందరిదీ ఒకటే పాట, "మా దగ్గర తగ్గించడానికేమీ లేదు" అని. ఖర్చు లేకుండా పని జరిగే దారి చూపించింది నువ్వొక్కదానివే. ఆ భాగం టైపు చేయించి ఫైల్లో పెట్టాను. చుట్టరికం బయటపడకూడదని నీ పేరు రాయలేదు. "అనుభవజ్ఞురాలైన ఒక అనలిస్టు" అని మాత్రం పెట్టాను.

అన్నయ్యకు నమస్కారాలు. నా చేతి గడియారం రోజుకు ఆరు నిమిషాలు వెనకబడుతోంది. పంపిస్తే చూస్తాడేమో అడుగు.

నీ మరిది


ఫిబ్రవరి 19

ఓరి నా బంగారు మరిదీ!

నీకు వెటకారం వచ్చేసింది! ఎన్నాళ్లకెన్నాళ్లకు! పాతికేళ్లుగా నీతో వేళాకోళమాడి నా నోరు అరిగిపోయింది తప్ప నీకు ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నువ్వు కూర మాడ్చావు, గుర్తుందా? "ఇంకాస్త మాడ్చకపోయావా" అన్నాను. బుద్ధిగా మళ్లీ స్టవ్ మీద పెట్టావు. ఆ గిన్నె ఇప్పటికీ నల్లగానే ఉంది.

అలాంటివాడివి ఇవాళ "టైపు చేయించి ఫైల్లో పెట్టాను" అంటావా! ల్యాబులో పైకి చదువుతుంటే పెద్దాయనకు పొలమారింది. "మీ మరిదిగారు మీకే నేర్పేలా ఉన్నారమ్మా" అన్నాడు. "సిబ్బందిని భాగాలుగా తగ్గించే ఆలోచన లేదు" అన్న ముక్క విని, కాళ్లు తడిమి చూసుకుని, "అయితే రెండూ మిగిలాయి" అని మళ్లీ నవ్వాడు.

నువ్వు లోపల మా వైపే ఉన్నావని అర్థమైంది. ఆఫీసు తరఫున ఆరు పేజీల అభ్యంతరం రాసి ఉంచాను. ఇంకెందుకులే, ఇంటి మనిషే ఉన్నాడుగా అని చించేశాను. చించిన కాగితాలు కూడా పొదుపే, సీసాల మూతలకు చుట్టుకుంటాం.

ఇదిగో, నీ ఫైల్లోకి ఇంకొకటి. పెద్దాయన సైకిల్‌కు నెలనెలా భత్యం ఇస్తున్నారు. రెండు చక్రాలెందుకు? ఒకటి తీసేస్తే భత్యం సగమవుతుంది. చైర్మన్‌గారికి నా మాటగా చెప్పు.

గడియారం పంపు. మీ అన్నయ్య అంటున్నారు, ప్రభుత్వంలో రోజుకు ఆరు నిమిషాలే వెనకబడటం గొప్పేనట.

మురిసిపోతూ,
వదిన


మార్చి 10

మెంబర్ సెక్రటరీ గారికి,

మీ ఆర్డరు చేరింది. అనుబంధం నాలుగు, పేజీ రెండు. మీకు గుర్తు లేకపోతే ఎత్తి రాస్తున్నాను.

"ఏప్రిల్ 1 నుంచి ఇంక్యుబేటర్ వాడకం నిలిపివేయడమైనది. అనుభవమున్న ఉద్యోగి వారానికోసారి కుళాయి దగ్గర నిలబడి, నీళ్ల రంగు చూసి, వాసన పీల్చి నమోదు చేయవలెను. నమూనాల సేకరణ ఉద్యోగిని మిగులు సిబ్బందిగా గుర్తించడమైనది. బదిలీ జరిగే వరకు అతని సైకిల్ భత్యం సగానికి తగ్గించడమైనది."

సగానికి! అంటే చక్రం నిజంగానే తీశారు!

మొదట నాకు నవ్వొచ్చింది. వెటకారం నేర్చినవాడు దాన్ని అచ్చు కూడా వేయించాడనుకున్నాను. స్టాంపు చూశాక నవ్వు ఆగిపోయింది. పెద్దాయన పక్కనే నిలబడి, "ఏం రాశారమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను? ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసుని నేనే నా చేత్తో, నవ్వుకుంటూ, ఒక ఉత్తరంలో కొట్టేశానని చెప్పనా? చెప్పాను. ఆయన ఐసు పెట్టె మూత బిగిస్తూ, "ఉత్తరం మాత్రం బాగా రాశారమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మనిషివేనా నువ్వు? ఒక దేశం బడ్జెట్ పట్టుకుని కూర్చున్నవాడివి, వదిన కోపంగా ఉందో లేదో కూడా తెలియదా?

వదిన


మార్చి 15

వదినా,

నువ్వు నన్ను "గారు" అన్నావు. ఆ పేజీ రెండుసార్లు చదివాను. అది వెటకారమా, నిజమా అని నీ తోటికోడల్ని అడిగాను. "రెండూ" అంది. ఆ తర్వాత అన్నం తింటున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. "మీ ఇద్దరి మధ్య దుబాసీగా నన్ను పెట్టుకోవాల్సింది, జీతం కూడా అడిగేదాన్ని కాదు" అంది.

నువ్వు రాసినదాంట్లో వెటకారం అని ఎక్కడుంది, చెప్పు. నీ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. "పొదుపు చిట్కాలు కావాలన్నారుగా, రాసుకో" అని ఉంది. రాసుకున్నాను. రెండోసారి "చైర్మన్‌గారికి నా మాటగా చెప్పు" అన్నావు. చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, నువ్వు రాసిన పేరా మీటింగ్‌లో పైకి చదివారు. "ప్రతి ఆఫీసులో ఇలాంటి మనిషి ఒక్కరుంటే ఈ దేశానికి లోటే ఉండేది కాదు" అన్నారు. ఆవిడ మా వదిన అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. గర్వంతో వదినా. నిజంగా గర్వంతో.

నిన్ను మించి నీళ్ల గురించి తెలిసినవాళ్లు నాకెవరూ లేరు. నువ్వు ముక్కు చాలు అంటే చాలనుకున్నాను. నాకు లెక్కలు చెప్పినప్పుడు ఒక్కసారైనా తప్పు చెప్పావా?

ఇప్పుడు పరిస్థితి ఇది. మీ ల్యాబు నుంచి అభ్యంతరం రాలేదు గనక ఒప్పుకున్నట్టే లెక్క. ఆర్డరు మార్చాలంటే కొత్త ఆధారం కావాలి. ముక్కుకు తెలియనిది మీ గాజు గొట్టాలకు ఏం తెలుస్తుందో నాకు చూపించు. నేను కమిటీకి చూపిస్తాను. ఎగతాళిగా అడగడం లేదు. అది నాకు చేతకాదని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.

నీ మరిది


మార్చి 20

మరిదీ,

సరే. "గారు" వెనక్కి తీసుకున్నాను. తప్పులో సగం నాది. నీతో మాట్లాడుతున్నానన్న సంగతి మరిచి మామూలు మనుషులతో మాట్లాడినట్టు రాశాను.

ఆధారం కావాలన్నావు. బస్సు పార్శిల్లో ఒక సీసా పంపుతున్నాను. మీ ఆఫీసు కుళాయి నీళ్లే పట్టి పంపు. ఊరికే చూపించడానికే. గొట్టాల్లో ఏం జరుగుతుందో నీకే రాసి పంపుతాను, మీవాళ్లకు అర్థమవుతుంది. ఇక్కడ రాసినది రాసినట్టు చెయ్యి. ఇంతకాలం నేను వద్దన్న గుణం ఇవాళ పనికొస్తుంది.

కుళాయి రెండు నిమిషాలు వదిలెయ్యి. కట్టెయ్యి. స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి కుళాయి మూతికి మంట తగిలించు. మళ్లీ కాసేపు నీళ్లు పోనియ్యి. అప్పుడు సీసా మూత తీసి పట్టు. సీసా కడగొద్దు. అడుగున తెల్లటి పొడి ఉంటుంది, అది మురికి కాదు, నీళ్లలో క్లోరిన్ పని ఆపడానికి వేసిన మందు. పూర్తిగా నింపొద్దు, పైన వేలెడు ఖాళీ వదులు. ఐసులో పెట్టి పొద్దుటి బస్సుకు వెయ్యి.

నేను ఆ నీళ్లు గొట్టాల్లో పోసి రెండు రోజులు ఒంటి వేడిలో ఉంచుతాను. ప్రతి గొట్టంలో ఇంకో చిన్న గొట్టం బోర్లా ఉంటుంది. పేగుల్లో ఉండే క్రిములు నీళ్లలో ఉంటే అవి గాలి వదులుతాయి, చిన్న గొట్టంలో బుడగ నిలబడుతుంది. అంతే. దానికి రంగు లేదు, వాసన లేదు. అద్దంలా మెరిసే నీళ్లలోనూ బుడగ పడటం నా కళ్లతో చూశాను.

నీ గడియారం బాగైంది. సీసాతో పాటే పంపుతున్నాం. మీ అన్నయ్య డబ్బులు వద్దన్నారు. ఇదీ పొదుపు కింద రాసుకో. వద్దు, రాసుకోకు. అది హాస్యం.

వదిన


ఏప్రిల్ 5

వదినా,

గెలిచాం!

నీ రిపోర్టు అందిన పూట ఇక్కడ జరిగిన హడావిడి చెప్పలేను. "ఐదు గొట్టాల్లోనూ బుడగ. తాగడానికి పనికిరాదు." ఆ ముక్క నేను చదవడం పూర్తి కాలేదు, చైర్మన్‌గారు మంచినీళ్ల గ్లాసు బల్ల చివరికి నెట్టేశారు. పొద్దున్నుంచీ ఆయనకు కడుపులో ఏదోలా ఉందట. ఇంకో ఇద్దరికి అప్పటికప్పుడు మొదలైంది. నాలుగు అంతస్తుల్లో కుళాయిలన్నీ కట్టేశారు. డబ్బా నీళ్లు తెప్పించారు.

పది నిమిషాల్లో తీర్మానం. మా బిల్డింగు నీళ్లు రోజుకు రెండుసార్లు పరీక్ష చెయ్యాలి. నమూనాలు పట్టడానికి మీ పెద్దాయనను ఇక్కడికే వేశారు. ఆయన పోస్టు నిలబడింది వదినా! సీసాలు మీ ల్యాబుకు తేవడానికి ప్రత్యేకంగా ఒక వ్యాను. మీ ఇంక్యుబేటర్ మళ్లీ పెట్టమన్నారు. కాకపోతే ఆర్డరు ప్రకారం మా బిల్డింగు సీసాలకు మాత్రమే. మొత్తం ఖర్చు మీ ల్యాబు ఏడాది ఖర్చుకు రెండింతలు. లోటు గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. నేను విప్పబోయాను, చైర్మన్‌గారు చూసిన చూపుకు ఊరుకున్నాను.

నీ పరీక్ష విలువ కమిటీకి తెలిసింది. మిగతా కుళాయిల సంగతి నెమ్మదిగా చూద్దాం.

ఇంకో మాట. నీళ్లు ఎంత శ్రద్ధగా పట్టానో నువ్వు చూడాల్సింది. వాచీ పెట్టుకుని రెండు నిమిషాలు వదిలాను. మంట పెట్టాను. పొడి కడగలేదు. మంటకు కుళాయి మూతికి మసి అంటితే చేతిరుమాలుతో తుడిచాను. సీసా మూతి లోపల కూడా ఒకసారి గుండ్రంగా తుడిచి అప్పుడు పట్టాను. మీ పెద్దాయన కూడా అంత శుభ్రంగా పట్టి ఉండడు.

నీ మరిది


ఏప్రిల్ 12

మరిదీ,

కూర్చుని చదువు.

మీ నీళ్లలో ఏమీ లేదు. ఆ బుడగలు నీ చేతిరుమాలువి. రోజంతా ముఖం, చేతులు, టిఫిన్ డబ్బా తుడిచిన గుడ్డని తీసుకెళ్లి ఉడికించిన సీసాలో తిప్పావు. తుడవొద్దని నేను రాయలేదు, నిజమే. ముప్పయ్యేళ్లలో ఆ మాట పెద్దాయనకు చెప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. అందుకే తోచలేదు. ఆ చెయ్యినే మీరు "మిగులు" అన్నారు.

పెద్దాయన వచ్చాక మీ బిల్డింగులో పట్టిన సీసాలు ఇప్పటికి పది చూశాను. ఒక్క బుడగ లేదు. మీ చైర్మన్‌గారి కడుపునొప్పి నా రిపోర్టు తాగి వచ్చింది.

ఈ సంగతి నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తే మీ భయం పోతుంది. మీ భయం పోతే నా ఇంక్యుబేటర్ ఆగుతుంది, పెద్దాయన మళ్లీ మిగులు సిబ్బంది అవుతాడు. మీ అన్నయ్య, "ఊరుకో, నీకేం నష్టం?" అన్నారు. నష్టమే. లేని బుడగ ఉందని ఒకసారి రాసినదాన్ని, రేపు ఉన్న బుడగ ఉందంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ఉన్న బుడగ గురించి చెప్తాను.

మీ సీసాలు పెట్టిన స్టాండులో పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆర్డరు ప్రకారం అందులో మా ఊరి నీళ్లు పెట్టకూడదు. పెట్టాను. ఆదివారం నేనే నడిచివెళ్లి ముప్పై ఒకటో కుళాయి నీళ్లు పట్టాను. ప్రాథమిక పాఠశాల గోడ పక్కన, మురుగు కాలవ దాటి వచ్చే గొట్టం మీది కుళాయి అది. రంగు చూశాను, బాగుంది. వాసన చూశాను, ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత ఐదుకి ఐదు గొట్టాల్లో బుడగ. మళ్లీ పట్టాను. మళ్లీ ఐదు. నా చేతిలో రుమాలు లేదు.

మీరు పరీక్ష ఆపి పన్నెండు రోజులైంది. ఆ కుళాయి వంతు అంతకుముందు పన్నెండు రోజుల్లో మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ శుభ్రమే. అంటే గొట్టం పగిలింది ఈ మధ్యే. పెద్దాయన ఇక్కడ ఉండి ఉంటే నాలుగు రోజుల్లో దొరికిపోయేది. నేను ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి నీళ్లు కాచుకోమని చెప్పాను. "కమ్మగా ఉన్నాయి కదమ్మా, ఎందుకు కాచడం?" అని ఒకామె చెంబుతో ఇచ్చి నన్నే తాగి చూడమంది. బడిలో పంతులమ్మ కుళాయికి గుడ్డ చుట్టి కట్టేసింది. నలుగురు పిల్లలు అప్పటికే విరేచనాలతో బడికి రావడం లేదు. నలుగురే, ఇప్పటికి.

పెద్దాయన మొన్న ఫోన్ చేశాడు. "ఇక్కడ రోజుకు రెండే సీసాలమ్మా. మిగతా పొద్దంతా కుర్చీలో కూర్చోబెట్టారు. సైకిల్ తొక్కితే నొప్పి లేదు గానీ ఈ కుర్చీకి మోకాళ్లు పట్టేస్తున్నాయి. మన ముప్పై ఒకటి ఎలా ఉంది?" అన్నాడు. ఆయన అడిగింది ఆ ఒక్క కుళాయినే. కాలవ మీది గొట్టం పాతబడిందని ఆయనకు ముందే తెలుసు. అది ఏ ఫైల్లోనూ లేదు.

దేశానికి అప్పుందని నువ్వన్నది నేను కొట్టిపారేయడం లేదు. అప్పు తీర్చాల్సిందే. కానీ ఎవరి గొంతులోంచి తీరుస్తున్నారో చూసి తీర్చండి. మీ గ్లాసు బల్ల చివరికి జరిగిన పది నిమిషాల్లో లోటు ఎటు పోయింది? మీ ప్రాణానికి రెండింతల ఖర్చు దొరికింది, నలభై మూడు వీధులకు ముక్కు దొరికింది. దీన్ని సమానం అంటారా? ఈ లెక్క నేను నీకు నేర్పలేదు.

నువ్వు చెడ్డవాడివి కావు. నాకు తెలిసినవాళ్లలో ఒక మాట చెప్తే ఆ మాటే వినేవాడివి నువ్వొక్కడివే. మిగతా ఆరుగురూ ఏం చెప్పినా తమకు కావలసిందే వింటారు. అందుకే నీకే రాస్తున్నాను. కింద రాసినవాటిలో వెటకారం చుక్క కూడా లేదు. నీ పద్ధతిలోనే చదువు, ఉన్నదున్నట్టు. రిపోర్టులు రెండూ జత చేశాను.

ప్రేమతో, ఇంకా కోపంతో,
వదిన

మా డిమాండ్లు:

1. ముప్పై ఒకటో కుళాయి గొట్టం ఈ వారంలో మార్చాలి.

2. పెద్దాయనను సోమవారానికి ఇక్కడికి పంపాలి. భత్యం పూర్తిగా ఇవ్వాలి.

3. నలభై మూడు కుళాయిల పరీక్ష మునుపటిలా నాలుగు రోజులకోసారి జరగాలి.

4. అనుబంధం నాలుగు రద్దు చెయ్యాలి. మిగతా ఊళ్లకు కూడా.

5. మీ బిల్డింగుకు నెలకొక సీసా చాలు. వ్యాను వద్దు.

6. కంపెనీలకు వదిలేసిన పన్నుల జాబితా కమిటీ బల్ల మీదికి రావాలి. పరిధిలో లేదంటే పరిధి మార్చమని అడగాలి.

7. చేతిరుమాలు సంగతి చైర్మన్‌గారికి నువ్వే చెప్పాలి.

8. వీటికి కమిటీ ఒప్పుకోకపోతే, నీ అసమ్మతి కాగితం మీద రాసి ఇవ్వాలి. కాపీ ఆ బడి పంతులమ్మకు పంపాలి.